గున్వోర్ కట్టిన ప్లాస్మిడ్

గున్వోర్ స్టెన్‌మార్క్ ఉదయం ల్యాబ్‌కి రాగానే, తెల్లకోటు కూడా తొడుక్కోకుండా, ఇంక్యుబేటర్ తలుపు తీసి వాసన చూస్తుంది. బాక్టీరియా బాగా పెరిగిందో లేదో ఆ వాసనే చెబుతుందని ఆమె నమ్మకం.

ఉప్సలా నగరంలోని ఆ ల్యాబ్‌లో గాజుసామాను కడిగే పనికి చేరిందామె. చూస్తూ చూస్తూనే పని నేర్చుకుని, పదేళ్లకు ఒక ప్లాస్మిడ్‌ని తన చేతులతో కట్టింది. అది చిన్న గుండ్రటి డీఎన్ఏ. బాక్టీరియాలో పెడితే, ప్రకృతిలో లేని ఒక యాంటీబాడీ ముక్కను, అంటే ఒక ప్రొటీన్‌ని, తయారు చేయిస్తుంది. ఆ ల్యాబ్ పరిశోధన అంతా ఆ ముక్క మీదే నడిచేది.

నిరుడు శీతాకాలంలో ముక్క రావడం ఆగిపోయింది. ఫ్లాస్కుల్లో బాక్టీరియా చిక్కగా పెరుగుతోంది, ప్రొటీన్ మాత్రం లేదు. సోమవారం కాఫీ బల్ల దగ్గర ప్రొఫెసర్ తోర్స్టెన్ దాల్చినచెక్క బన్ను తుంచుతూ అన్నాడు.

"నీ ప్లాస్మిడ్ పాతబడిపోయింది, గున్వోర్. శుక్రవారం మీటింగ్‌లో పక్కన పెట్టేద్దాం. బయటినుంచి కొత్తది తెప్పిస్తా."

"అదేమైనా రొట్టా, బూజు పట్టడానికి?"

"మరి ప్రొటీనేది?"

ఆమె కాఫీ కప్పు కింద పెట్టి లేచింది.

ఆ మధ్యాహ్నం గున్వోర్, తీరా అనే పరిశోధక విద్యార్థిని పక్కన నిలబడి, ఆ అమ్మాయి చేసే పని చూసింది. ముందురోజు నుంచి బాక్టీరియా పెంచిన ద్రవాన్ని తీరా పెద్ద ఫ్లాస్కులోకి ఒంపబోతోంది.

"ఆగు. ఎన్ని గంటలు పెరిగిందది?"

"ఇరవై. చిక్కగా ఉంటే మంచిదేగా?"

"బఠాణీ సూప్‌కి మంచిదే."

గున్వోర్ ఆ ద్రవాన్ని బాగా పలచన చేసి, యాంటీబయాటిక్ మందు కలిపిన ప్లేటు మీద కొంత, కలపని ప్లేటు మీద కొంత పరిచింది. మర్నాడు మందు లేని ప్లేటు నిండా బాక్టీరియా చుక్కలు. మందున్న దానిమీద ఏడంటే ఏడే.

"ప్లాస్మిడ్ ఉన్నవే మందును విరిచేసి బతుకుతాయి, లేనివి చస్తాయి," అంది గున్వోర్. "ఎక్కువసేపు ఉంచావా, ద్రవంలో కలిపిన మందు ఐపోతుంది. ఇక ప్లాస్మిడ్ వదిలేసినవే బరువు లేకుండా పరిగెత్తి పెరుగుతాయి. నువ్వు ఇన్నాళ్లూ మేపింది ఆ సోమరిపోతుల్ని."

"మూడు నెలలు మేపాను," అని తీరా తల పట్టుకుంది.

ఇద్దరూ ఫ్రీజర్‌లోని ప్లాస్మిడ్‌ని కొత్త బాక్టీరియాలో పెట్టారు. ఈసారి ద్రవం చిక్కబడక ముందే పెద్ద ఫ్లాస్కులోకి మార్చారు. శుక్రవారం పొద్దున, ప్రొటీన్లను విడదీసి చూపే జెల్‌కి రంగు పట్టించి చూస్తే, ప్రొటీన్ ఉండాల్సిన చోటే బొటనవేలంత నీలి గీత.

తోర్స్టెన్ జెల్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఏ ప్లాస్మిడ్ ఇది?"

"పాతబడిపోయిందే," అంది గున్వోర్.

మీటింగ్‌లో అందరికంటే ముందు ఆమెకే కాఫీ పోశాడు. పక్కన పెట్టే మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు గున్వోర్‌కు అరవై మూడేళ్లు. వారానికి నాలుగు రోజులు పనిచేస్తుంది. ఆమె ప్లాస్మిడ్ తొమ్మిది ల్యాబుల్లో వాడుకలో ఉంది.