అన్ని దేశాలకూ రెండు అంగుళాల అక్షరం

ముందుగా నా తెలుగు విషయంలో పాఠకులు నన్ను క్షమించాలి. ముప్పై ఏళ్లుగా దుకాణాల బోర్డుల మీద, గోడల మీద రాసిన చేయి ఇది. ఒక్కొక్క మాట రాయడమే దీనికి అలవాటు. వాక్యం కట్టడం నలభై దాటిన తరువాత, చేవెళ్ల నుంచి బస్సులో పట్నం వెళ్లి రాత్రి కళాశాలలో నేర్చుకున్నాను. కనుక ఇందులో తప్పులు కనిపిస్తే అవి నావి. మంచి మాటలు కనిపిస్తే అవి మా మేడంవి. ఆ మేడం ఇక లేరు. పోయిన నెల ఒక మంగళవారం ఉదయం, ఆమె దగ్గర వంట చేసే అవ్వ నాకు ఫోను చేసింది. "పెయింటరూ, చాయ్ పట్టుకొని పోయి పిలిస్తె మేడం పలుకుతలేదు. నువ్వు జర జల్ది రా" అన్నది. అప్పుడు నేను మొయినాబాద్‌లో ఒక బడి గోడ మీద 'విద్య' అని రాస్తున్నాను. 'వి' పూర్తయింది. రెండో అక్షరం సగంలో వదిలి బయలుదేరాను. అక్షరం మధ్యలో బ్రష్ ఎత్తడం నా వృత్తిలో అదే మొదటిసారి.

మేడం షాబాద్ వైపు ఒక రైతు కుటుంబంలో పుట్టారు. చదువుకుని, జీవితంలో ఎక్కువ భాగం జెనీవా నగరంలో పనిచేశారు. అక్కడ ప్రపంచ దేశాలన్నీ కూర్చుని మానవ హక్కుల గురించి మాట్లాడుకునే సభ ఒకటి ఉన్నది. పెద్ద దేశాలు ఆ సభకు పదుల సంఖ్యలో మనుషులను పంపుతాయి. చిన్న దేశాలకు, పేద దేశాలకు అక్కడ కార్యాలయం పెట్టే స్తోమత ఉండదు. ఉన్నా ఒకరో ఇద్దరో మనుషులు. ఒకే సమయంలో మూడు గదుల్లో మూడు చర్చలు జరుగుతుంటే ఆ ఒక్కరు ఎక్కడికని పోతారు? అటువంటి వారికి ఏ గదికి పోవాలో, ఎప్పుడు మాట్లాడాలో, ఎలా మాట్లాడాలో నేర్పడమే మేడం ఉద్యోగం. ఉద్యోగ విరమణ తరువాత కూడా ఆమె ఆ పని మానలేదు. కనకమామిడిలో తన వాటా పొలంలో ఒక హాలు, నాలుగు గదులు కట్టించారు. ఏడాదికి రెండుసార్లు, పది దేశాల నుంచి ఒక్కొక్కరు చొప్పున వచ్చి పది రోజులుండి, అసలు సభకు పోయే ముందు ఇక్కడ సాధన చేసేవారు.

నేను ఆమెకు పరిచయమైంది పేరు పలకల వల్ల. సభలో ప్రతి దేశం ముందు ఆ దేశం పేరుతో ఒక పలక ఉంటుంది. చిన్న గదుల్లో జరిగే చర్చల్లో ఆ పలకను నిలువుగా నిలబెడితే, 'మాకు మాట్లాడే వంతు కావాలి' అని అర్థం. సాధన కోసం అటువంటివి పది కావాలని మేడం నన్ను పిలిపించారు. అప్పటికే ఫ్లెక్సులు వచ్చి మా వృత్తిని సగానికి పైగా తినేశాయి. అందుచేత చాలా శ్రద్ధ పెట్టాను. మా అమ్మాయి బడి అట్లాసు తెచ్చుకుని, పటంలో దేశం ఎంత కనిపిస్తే పలక మీద అక్షరం అంత పెట్టాను. ఎన్నికల గోడ రాతల్లో మేము పాటించే పద్ధతి అదే. పెద్ద నాయకుడి పేరు నిలువెత్తు, మండల నాయకుడి పేరు మూరెడు, గల్లీ నాయకుడి పేరు జానెడు. సముద్రంలో చుక్కలా ఉన్న ఒక దీవి దేశానికి మాత్రం వేలి గోరంత అక్షరం వచ్చింది. ఇంత ఆలోచించి రాసే పెయింటర్ ఈ చుట్టుపక్కల మరొకడు లేడని గర్వంగా పలకలన్నీ వరుసగా పేర్చి నిలబడ్డాను.

మేడం ఆ దీవి పలకను చేతిలోకి తీసుకున్నారు. కళ్లద్దాలు పైకి జరిపి చూశారు.

"పెయింటర్ సాబ్, ఈ అక్షరమేంది, చీమ లెక్క ఉన్నది?"

"దేశం చిన్నది గద మేడం. పటంల చూసి కొలత పెట్టిన."

"ఈ పెద్ద దేశానికేమో ఇంత పొడుగు పెట్టినవ్?"

"అది పెద్దది గద మేడం."

"ఇది గోడ కాదు సాబ్, సభ. ఆ సభల అన్ని పలకలూ ఒకటే కొలత. నేను బతుకంత కొట్లాడింది దానికోసమే. నువ్వేమో ఒక్క పూటల అందర్ని మళ్ల మండల నాయకులను చేస్తివి!"

అవ్వ వంటగది గడపలో నిలబడి పకపకా నవ్వింది. నాకు తల తీసేసినట్టయింది. పది పలకలనూ ఇసుక కాగితంతో రుద్ది, మళ్లీ తెల్లరంగు వేసి, అన్ని దేశాలకూ సరిగ్గా రెండు అంగుళాల అక్షరం పెట్టాను. పొడుగు పేరున్న దేశానికి అక్షరాలు దగ్గర దగ్గరగా జరిపానే కాని ఎత్తు తగ్గించలేదు. మేడం స్కేలు పెట్టి కొలిచారు. ఒక్కటే మాట అన్నారు. "ఇప్పుడు నువ్వు సంతకం పెట్టొచ్చు." ప్రతి పలక వెనుక నా సంతకం ఉన్నది.

ఆ రోజు నుంచి హాలు బాధ్యత నాది. నేను బి.ఏ. పాసైన నాటి నుంచి ఆమె నన్ను 'గ్రాడ్యుయేట్ సాబ్' అని పిలిచారు. ఎదుట ఏ దేశపు అధికారి ఉన్నా అలాగే పిలిచారు.

ఆమె నేర్పే తీరు వేరుగా ఉండేది. సభలో ఒక్కొక్క దేశానికి రెండు నిమిషాలే ఇస్తారు. అవి కాగానే మైకు ఆగిపోతుంది. ఇక్కడ మైకు బదులు అవ్వ ఉండేది. గడియారం నేను చూసేవాణ్ణి. రెండు నిమిషాలు కాగానే నేను చెయ్యి ఎత్తితే అవ్వ గరిటతో గిన్నె మీద ఠంగుమని కొట్టి, "బస్, అయిపోయింది!" అనేది. పదో రోజుకు పది దేశాల వాళ్లకూ 'బస్' అనే మాట అర్థమయ్యేది. పక్క ఫామ్‌హౌస్‌లో పట్టపగలే దావత్ మొదలై డీజే మోగితే, కిటికీలు మూయబోయిన నన్ను మేడం ఆపారు. "ఉండనీ. ఆ సభల గూడ సగం మంది ఫోన్లు చూసుకుంటరు. ఈ మోతల మాట్లాడినోళ్లు ఏడనైన మాట్లాడుతరు" అన్నారు. మూడు గదుల చర్చల గురించి అడిగినవారికి, "అన్ని గదులు తిరిగే మనిషి ఏ గదిలోనూ ఉండడు. మీ ఊరి సంగతి ఏ గదిలో ఉన్నదో ఆ గదిలో కూర్చోండి" అని చెప్పేవారు.

ఒకసారి ఒక దేశం మనిషికి ప్రయాణపు అనుమతి రాక కుర్చీ ఖాళీగా మిగిలింది. ఖాళీ కుర్చీ మేడంకు గిట్టదు. "కుర్చీ ఖాళీగ ఉంటే ఎవరిదో ఒకరి దస్తీ పడుతది" అనేవారు. మన బస్సుల్లో కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు పట్టుకోవడం అందరికీ తెలిసిందే. ఆ కుర్చీ కోసం నన్ను మరొక పలక రాయమన్నారు. ఏ దేశం పేరు రాయమంటారని అడిగాను.

"కనకమామిడి అని రాయి. తెలుగుల రాయి. గదే రెండు అంగుళాలు."

రాశాను. ఆ కుర్చీలో కూర్చోమని ఆమె అవ్వను పిలిచారు. అవ్వ పక్క ఊరిలో వార్డు మెంబరుగా గెలిచి ఉన్నది. అయినా గ్రామసభలో ఆమె కుర్చీలో ఆమె కొడుకే కూర్చుని మాట్లాడేవాడు.

"నాకేం మాటలొస్తయి మేడం? నా కొడుకు మాట్లాడుతడు గద."

"గెలిచింది నువ్వా, నీ కొడుకా?"

"నేనే."

"మరి సీటు మీద వాని దస్తీ ఎట్ల పడ్డది?"

అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కూర్చున్నది. ఆమె పక్క కుర్చీ నేను మొదట చీమ అక్షరం పెట్టిన దీవి దేశానిది. అక్కడి నుంచి వచ్చిన అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయి. వాళ్ల దేశం తరఫున ఆ సభలో అంతకు ముందు ఎవరూ సొంతంగా మాట్లాడలేదు. ఆ అమ్మాయి రాసుకున్న ప్రసంగం ఒక్కటే వాక్యం. 'మా మిత్ర దేశం చెప్పినదానితో ఏకీభవిస్తున్నాము.' ఆ మిత్ర దేశం వాళ్ల పొరుగున ఉన్న పెద్ద దేశం. రెండు నిమిషాల్లో పది క్షణాలు కూడా వాడుకోకుండా ఆమె కూర్చోవడం చూసి మేడం అడిగారు. "మీ ఊళ్లో ఏం జరుగుతున్నది?"

ఆ అమ్మాయి చెప్పింది. సముద్రం వాళ్ల శ్మశానంలోకి వచ్చిందట. ఊరివాళ్లు తమ పెద్దల ఎముకలు తవ్వి తీసి, మూటగట్టి ఎత్తు మీదికి మోసుకుపోతున్నారట. ఆమె తాతను ఆమే మోసిందట. ఇది పెద్ద సభలో చెప్పే సంగతేనా, నవ్వరా అని ఆమె భయం. నేను నా రాత్రి కళాశాల ఇంగ్లీషుతో అవ్వకు ఈ మాటలన్నీ తెలుగులో చెప్పాను. అవ్వ కుర్చీలోంచే ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నది.

"అది నువ్వు చెప్పకుంటే ఇంకెవరు చెప్తరు బిడ్డా? ఆ పెద్ద దేశపోళ్ల తాతనా ఏంది?"

ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది నేను. నా జీవితంలో నేను చేసిన అతి ముఖ్యమైన పని ఏదంటే అదే అని చెబుతాను.

ఆ అమ్మాయి తన దీవి పలకను నిలువుగా నిలబెట్టింది.

ఆ తరువాత కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం, వంటగదిలో మేము ముగ్గురం మేడం ఫోను చుట్టూ కూర్చున్నాము. జెనీవా సభ ఫోనులో కనిపిస్తున్నది. దీవి పేరు పిలిచారు. ఆ అమ్మాయి మాట్లాడింది. శ్మశానం గురించి, తాత గురించి. అవ్వ అలవాటుగా గరిట పట్టుకున్నది కాని కొట్టలేదు. రెండు నిమిషాలకు నాలుగు క్షణాల ముందే ఆ అమ్మాయి ముగించింది. మేడం లేచి చాయ్ పెట్టారు. అంతకు ముందు ఆమె చాయ్ పెట్టగా నేను చూడలేదు.

ఆ ఏడాది సభ చేసిన తీర్మానంలో శ్మశానం అన్న మాట చేరలేదు. 'పూర్వీకుల స్థలాలు' అన్న మాట మాత్రం చేరింది. ఇంత కష్టానికి రెండు మాటలేనా అని నేను నొచ్చుకుంటే మేడం అన్నారు. "దస్తీ పడ్డది, గ్రాడ్యుయేట్ సాబ్. ఇగ ఆ సీటు వాళ్లది."

తరువాతి గ్రామసభలో అవ్వ కొడుకును లేపి తన కుర్చీలో తానే కూర్చున్నదని విని చూడటానికి వెళ్లాను. ఇళ్ల ముందు మురుగు నిండి పారుతున్న మోరీ గురించి రెండు నిమిషాలు మాట్లాడి, "బస్, అయిపోయింది" అని తానే అని కూర్చున్నది. సభ గొల్లున నవ్వింది. మోరీ పని వారంలో మొదలైంది.

మేడం పదకొండో దినం నాడు ఫ్లెక్సు వేయిస్తామని ఒక యువ నాయకుడు వచ్చాడు. "అన్నా, పైన మా లీడర్ల ఫొటోలు పెద్దగ, కింద మేడం ఫొటో పెడ్తం" అన్నాడు. కింద ఎంత కొలత అని అడిగాను. అతనికి నా ప్రశ్న అర్థం కాలేదు. వద్దని పంపించాను. హాలు ఊడ్చి, బల్ల తుడిచి, పదకొండు పలకలనూ వాటి వాటి చోట పడుకోబెట్టాను. మేడం పేరుతో పలక రాయలేదు. సభలో పలక మీద మనిషి పేరు ఉండదని నేర్పింది ఆమే. దీవి అమ్మాయి అక్కడి నుంచి ఫోనులో మాట్లాడింది. ఆమె మాట నేను తెలుగులో చెప్పాను. అవ్వ మాట్లాడింది, నేను మాట్లాడాను. ఎవరం రెండు నిమిషాలు దాటలేదు.

దీనిని ఎవరు చదవాలో కూడా చెప్పి ముగిస్తాను. ముందుగా సురంగల్ నుంచి షాబాద్ దాకా వార్డు మెంబర్లుగా గెలిచి ఇంట్లో కూర్చున్న అక్కలూ అవ్వలూ చదవాలి. చదువు రానివారికి వారి ఇంట్లో పిల్లలు గట్టిగా చదివి వినిపించాలి. ఆ తరువాత వారి కుర్చీల్లో కూర్చున్న భర్తలూ కొడుకులూ చదవాలి. వారు నిలబడి చదివితే మంచిది. చదివినవారు ఒకసారి కనకమామిడి వచ్చి ఆ హాలు చూడవచ్చు. తాళం నా దగ్గర ఉన్నది. పదకొండో దినం అందరూ వెళ్లిపోయాక తలుపు వేయబోతూ చూశాను. పది పలకలు బల్ల మీద పడుకునే ఉన్నాయి. 'కనకమామిడి' పలక ఒక్కటి నిలువుగా నిలబడి ఉన్నది. అవ్వను అడిగితే తాను పెట్టలేదన్నది. ఎవరు పెట్టినా దానిని నేను దించలేదు. మాట్లాడే వంతు ఇచ్చేదాకా పలక దించకూడదు.