నాయనమ్మ వాకిట్లో

పెడన అద్దకపు బట్ట విప్పితే కరక్కాయ వాసన వస్తుంది. దాంతోపాటే అద్దకం పని చేసే మా నాయనమ్మ గుర్తొస్తుంది. ఆమెను నేను చూసింది ఒక్కసారే.

నాన్న క్రైస్తవంలో చేరి బందరు మిషన్ బళ్లో పంతులయ్యారు. తల్లిదండ్రులను సన్మానించాలన్న వాక్యం నాచేత వల్లె వేయించింది ఆయనే. ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు మరో వాక్యం చదివారు. తల్లిదండ్రులను ద్వేషించనివాడు తన శిష్యుడు కాలేడని ప్రభువు అన్నాడట. నాన్న పెడనలో వాళ్లమ్మ దగ్గరికి ఎందుకు వెళ్లరో నాకు అర్థమైపోయిందనుకున్నాను.

"నాయనమ్మని ద్వేషిస్తున్నారా నాన్నా? మరి సన్మానించమన్నారుగా?"

నాన్న నన్ను దగ్గరికి తీసుకున్నారు. "ద్వేషించమంటే పగబట్టమని కాదమ్మా. ఎవరినైనా దేవుడి తర్వాతే ప్రేమించమని," అన్నారు. ఆ మధ్యాహ్నమే నన్ను పెడన తీసుకెళ్లారు.

నాయనమ్మ మమ్మల్ని చూసి లోపలికి వెళ్లిపోయింది. నాన్న వాకిట్లోనే నిలబడ్డారు. ఎంతోసేపటికి ఆమె వచ్చి, ఆయన వంక చూడకుండా, నా చేతిలో బెల్లంముక్క పెట్టింది.

"పొద్దుగూకుతోంది. పిల్లని జాగ్రత్తగా తీసుకెళ్లు," అంది.

దారంతా నాన్న కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. నాయనమ్మ పొమ్మన్నందుకు ఏడుస్తున్నారనుకున్నాను. నాన్న బాప్తిస్మం తీసుకున్నాక ఆమె ఆయనతో మాట్లాడిన మొదటి మాట అదేనని, మళ్లీ ఇంకో మాట దక్కలేదని, పెద్దయ్యాక అమ్మ చెప్పింది.