అందరికీ అర్థమైన నోటీసు

ఆ రోజుల్లో మా వైపు వాన ఎంత అరుదో కాగితమూ అంతే అరుదు. అందుకని చేతికి దొరికిన ప్రతి కాగితాన్నీ చదివేవాణ్ణి. బొరుగులు కట్టిన పొట్లం, సబ్బు మీద చుట్టిన కాగితం, బస్సు టికెట్టు వెనకవైపు, టూరింగ్ టాకీసువాళ్లు బండి మీదనుంచి విసిరే గులాబీరంగు కరపత్రం, కోర్టునుంచి వచ్చిన సమను (ఇది మాది కాదు, పక్కింటివాళ్లది; నాకు ఆ తేడా ఉండేది కాదు). ధర్మవరంలో మా నాయన మగ్గం మీద పట్టుచీర అంచు సరిగ్గా దిగుతోందా అని చూసుకుంటూ ఉంటే, నేను పక్కన కూర్చుని పెళ్లిపత్రికలో ఎవరి పేరు ఎంత లావుగా అచ్చేశారో చూసుకునేవాణ్ణి. ఖర్చు పెట్టిన మేనమామ పేరు లావుగా, విడిగా, చుట్టూ గాలి ఆడేటట్టు ఉండేది. పెళ్లిలో నీళ్లు మోసిన మేనమామ ‘తదితర బంధువర్గము’లో ఉండేవాడు. ఒరేయ్, పత్రికలో ముహూర్తం ఎప్పుడో చూడమంటే ఏం చూస్తాండావురా అని నాయన కేకలేసేవాడు. ముహూర్తం అందరూ చూస్తారు కదా అని నా ఉద్దేశం.

ఇట్లా చదివి చదివి, మీసం వచ్చేనాటికి నాకొక సిద్ధాంతం కూడా వచ్చింది. మనతో పని పడినవాడు లావు అక్షరాలతో, పువ్వుల అంచుతో, ‘దయచేసి’ అని రాస్తాడు. మనకు ఎవరితో పని పడుతుందో వాడు సన్న అక్షరాలతో, కింద నేరేడుపండు మరకలాంటి ముద్రతో, ‘తప్పినచో’ అని రాస్తాడు. సినిమా కరపత్రం మొదటి రకం. తాలూకాఫీసు కాగితం రెండో రకం. ఓట్లప్పుడు వచ్చే కాగితం మొదటి రకం. అదే మనిషి గెలిచాక ఆయన దగ్గరనుంచి ఏ రకమూ రాదు. ఈ సిద్ధాంతం ఎవరికైనా చెబుదామంటే వినేవాళ్లు దొరికేవాళ్లు కాదు. లోకంలో నాకొక్కడికే తెలిసిన సంగతి అని కొన్నాళ్లు గర్వపడ్డాను కూడా.

అరవైల మొదట్లో గ్రామసేవకుడి ఉద్యోగం ఇచ్చి నన్ను కంబదూరు పక్కన ఒక ఊళ్లో వేశారు. ఎరువు ఎట్లా తయారు చేయాలో రైతులకు చెప్పడం నా పని. (వాళ్లకు ముందే తెలుసు. అయినా చెప్పనిచ్చేవాళ్లు, మర్యాదస్తులు.) ఒక ముసలావిడ ఇంట్లో ముందుగది నాకు బసగా కుదిరింది. ఊరంతా ఆమెను అవ్వ అనేవాళ్లు, నేనూ అవ్వ అనేవాణ్ణి. నేను చేరిన ఏడు వాన రాలేదు. మరుసటి ఏడు వచ్చినట్టే వచ్చి పక్కకు పోయింది. చెనిక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. అవ్వ ఇంట్లో సంగటి కొంచెం కొంచెంగా పలుచనై జావ అయింది. ఎండకు పలుచగా తాగితేనే మంచిదప్పా అనేది ఆమె, అదేదో వైద్యం అయినట్టు. కొందరు ఎద్దులను అమ్ముకున్నారు. మిగిలినవాళ్లు ఇల్లు తాళం వేసి పిల్లలతో బళ్లారి వైపు కూలికి పోదామా అని రోజూ సాయంత్రం చావడి దగ్గర మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు.

అట్లాంటప్పుడు ఆ ఊరికి కరువు పని మంజూరైంది. రోడ్డుకు కంకర కొట్టే పని. సోమవారం పొద్దున ఓవర్సీరు సుత్తులూ గంపలూ తెస్తాడు, జనాన్ని పోగు చేయవలసింది నేను. పనికి తగినంత మంది రాకపోతే పని ఇంకో ఊరికి మార్చేస్తారు. అడిగే ఊళ్లు చాలా ఉన్నాయి. అంటించడానికి నోటీసు కూడా ఆఫీసువాళ్లే పంపారు. ‘ఇందుమూలముగా సమస్త జనులకు తెలియపరచడమేమనగా’ అని మొదలై, ఊపిరి తీసుకోకుండా కింద సంతకం దాకా పోయే ఒకే ఒక వాక్యం. అందులో అన్నీ చేయబడినవి, నిర్ణయించబడినవి, తిరస్కరించబడేవి. చేసేవాడు ఎవడో మాత్రం కనబడడు. కాగితం మొత్తం వెతికితే మనిషన్నవాడు ఒక్కడే దొరికాడు, చివర్లో శిక్ష పడేవాడు. దాన్ని చదివి నాకు ఒళ్లు మండింది. ఆకలితో ఉన్నవాళ్లతో మాట్లాడే పద్ధతేనా ఇది అనుకున్నాను. ఇప్పటికీ ఆ కోపం సరైనదే అంటాను, దాని తర్వాత నేను చేసిన పని సంగతి వేరు.

కళ్యాణదుర్గం పోయి దళసరి కాగితం, ఎర్రసిరా, పచ్చసిరా తెచ్చాను. ఒక రాత్రి కూర్చుని నా సొంత నోటీసు రాశాను. ‘అన్నలారా, అక్కలారా! మన ఊరికి పని వచ్చింది. సోమవారం పొద్దున్నే అందరూ దయచేసి రోడ్డు దగ్గరికి రండి. పిల్లలనూ తీసుకురండి, నీడకు పందిరి ఉంటుంది. భయపడవలసింది ఏమీ లేదు.’ అక్షరాలు అరచేయంత. చుట్టూ మామిడాకుల అంచు. మధ్యలో గంప ఎత్తుకుని నవ్వుతున్న ఒక మనిషి బొమ్మ. ముద్ర వేస్తే బొమ్మ పాడవుతుందని ముద్ర వేయలేదు. మనిషి నవ్వుకు అడ్డం వస్తుందని సంతకం కూడా పెట్టలేదు. ఆఫీసు నోటీసును మడిచి పెట్టెలో పెట్టి, నాది చావడి గోడకు, కూర్చున్నవాళ్లకు కూడా కనబడేంత కిందుగా అంటించాను. దండోరా వేసే తలారి వచ్చి, తప్పెట కొట్టల్లా సారూ అని అడిగాడు. అవసరం లేదప్పా, అక్షరాలే మాట్లాడతాయి అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు నేనే ముచ్చటపడ్డాను.

చదువు వచ్చినాయన ఒకడు గట్టిగా చదివి వినిపించాడు. మొదటిసారికే అందరికీ అర్థమైంది. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెల్లగా ఇళ్లకు పోయారు. నోటమాట రానంత బాగుందన్నమాట అనుకున్నాను.

ఆదివారం సాయంత్రం జావ పోస్తూ అవ్వ నన్ను అడిగింది.

“నిజం చెప్పప్పా, నొప్పి శానా ఉంటాదా?”

“మొదటి రోజే అవ్వా. చేతులు వాస్తాయి, తర్వాత అదే అలవాటైపోతుంది.”

“ముసలోళ్లను గూడా ఇడిసిపెట్టరా?”

“ఎవరినీ కాదనరవ్వా. నీకు కూడా ఉంటుంది.”

అవ్వ గరిటె కింద పెట్టి నా వైపు చాలాసేపు చూసింది. ముసలితనంలో కూడా పని దొరికిందని కళ్లు చెమ్మగిల్లాయి కాబోలు అనుకుని, నేనూ కొంచెం కదిలిపోయి, ఇంకో గిన్నెడు జావ అడిగాను.

సోమవారం పొద్దున ఓవర్సీరు ఎద్దులబండి మీద సుత్తులతో దిగాడు. రోడ్డు దగ్గర నేనున్నాను (పందిరి వేస్తూ రాత్రి అక్కడే పడుకున్నాను), పందిరి ఉంది. ఇంకెవరూ లేరు. ఊళ్లోకి పోయి చూశాం. ప్రతి తలుపుకూ గొళ్లెం. ఒక కుక్క మా వెనక కొంతదూరం వచ్చి, దానికీ ఏదో అనుమానం తోచినట్టుంది, ఆగిపోయింది. చావడి అరుగు మీద తలారి ఒక్కడే కూర్చుని ఉన్నాడు, ప్రభుత్వోద్యోగి కాబట్టి పారిపోవడానికి వీల్లేక.

“జనం యాడప్పా?” అన్నాడు ఓవర్సీరు.

“గుట్టెక్కినారు సామీ.”

“గుట్ట మీద ఏం పని?”

“ఈపొద్దు సూదులేసేటోళ్లు వస్తారంట కదా. పిల్లోళ్లను ఎత్తుకోని చీకట్నే పోయినారు. అవ్వను గూడా మంచం మీద మోసుకోని పోయినారు.”

మశూచి టీకాలవాళ్లు కిందటేడు ఆ ఊరికి వచ్చి వెళ్లారు. తర్వాత వారం దాకా ఊరంతా జ్వరాలు, వాచిన భుజాలు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఇప్పుడు సూదుల మాట ఎవరెత్తారు? ఎవరు చెప్పినారప్పా ఈ మాట అని అరిచాను.

“మీరే కదా సారూ రాసిండేది,” అన్నాడు తలారి, గోడ మీది నవ్వే మనిషిని చూపిస్తూ. “దయచేసి రమ్మని సర్కారు ఎవర్నన్నా పిలుస్తాదా? పోయినసారి సూదులప్పుడే అట్ల పిలిచినారు. బొమ్మ గూడా ఏసినారు. పిల్లోళ్లను తెమ్మన్నారు. భయపడొద్దన్నారు. భయం లేకపోతే భయపడొద్దని ఎందుకు రాస్తారు? ముద్ర లేదు, జుల్మానా లేదు. జుల్మానా లేనిది సర్కారు పని ఎట్లయితాది సారూ?”

ఓవర్సీరు నా నోటీసు ముందు నిలబడి కింద నుంచి పైదాకా చూశాడు. “బొమ్మ బాగుండాది,” అన్నాడు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత మెల్లగా చెప్పాడు, ఆయన చెడ్డవాడేం కాదు: “రేపు పొద్దున దాకా ఉంటా. అప్పటికీ జనం రాకుంటే సుత్తులు బండికెత్తుకోని పక్కూరికి పోతా. నాకు గూడా పైనోళ్లు ఉండారయ్యా.”

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఈ పని పోతే ఆ గుట్ట మీదున్నవాళ్లంతా అటునుంచి అటే బళ్లారి దారి పడతారు, అవ్వ మంచంతో సహా. కారణం కరువు కాదు, నా మామిడాకుల అంచు. చేతిసంచీ భుజాన వేసుకుని ఎండలో గుట్ట వైపు పరిగెత్తాను. పని వచ్చింది, పని, అని కింద నుంచి కేకలు వేశాను. వాళ్లకు మాట వినబడలేదు, సంచీ కనబడింది. టీకాలవాళ్లు కూడా అట్లాంటి సంచీయే తెస్తారు. నేను ఒక బండ ఎక్కితే వాళ్లు రెండు బండలు ఎక్కారు. పైన అవ్వ మంచం నాకంటే చాలా వేగంగా పోతూ కనబడింది.

రొప్పుతూ ఒక బండ నీడన కూలబడ్డాను. లావు అక్షరాలు, పువ్వుల అంచు, దయచేసి. నా సిద్ధాంతం ప్రకారం ఇట్లా రాసేవాడికి మనతో ఏదో పని పడి ఉంటుంది. వాడిని నమ్మకూడదు. లోకంలో నాకొక్కడికే తెలుసనుకున్న సంగతి ఆ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. వాళ్లు నా నోటీసును తప్పుగా చదవలేదు. నాకంటే బాగా చదివారు. ఎవరి పద్ధతిలో రాస్తున్నానో చూసుకోకుండా రాసింది నేనే.

గుట్ట దిగి వచ్చి పెట్టె తీశాను. ఆఫీసు నోటీసును బయటికి తీశాను. చదివితే ఈసారి అది కొంచెం మెత్తగా ఉన్నట్టనిపించింది. దాని కింద, అంతకంటే సన్న అక్షరాలతో, నేనొక ముక్క చేర్చాను: ‘గడువు మీరి హాజరగువారి విన్నపములు ఎట్టి పరిస్థితులలోను పరిశీలించబడనేరవు. తప్పినచో తగు చర్య గైకొనబడును.’ ఏం తప్పితేనో, ఏం చర్యో నాకూ తెలియదు. ఊదారంగు ముద్ర రెండుసార్లు వేశాను, ఒకటి వంకరగా పడేటట్టు. దాన్ని చావడి గోడకు, నిచ్చెన లేకుండా ఎవరూ చదవలేనంత ఎత్తున అంటించాను. తలారి ఒక్కసారి తలెత్తి చూసి, చెప్పకుండానే తప్పెట తీసుకుని గుట్ట వైపు పోయాడు. “సర్కారు కాగితం వచ్చినాదహో! ముద్రుండాదహో! తప్పితే జుల్మానా అహో!” అని ఆయన గొంతు చాలాసేపు వినబడింది.

పొద్దు గుంకకముందే అందరూ దిగి వచ్చారు. గోడ ముందు మెడలు ఎత్తి నిలబడ్డారు. చదువు వచ్చినాయన నిచ్చెన ఎక్కి మొదటినుంచీ చివరిదాకా చదివాడు. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్ల ముఖాల్లో కలత పోయి నిమ్మళం వచ్చింది. “ఆఁ, ఇది కాగితమంటే,” అన్నారెవరో. తర్వాత నా వైపు తిరిగి, దీంట్లో ఏముండాదో చెప్పు సారూ అన్నారు. కంకర పని, రేపు పొద్దున, కూలి ఏ రోజుది ఆ రోజే అని చెప్పాను. ఈ మాట ఎవరూ అనుమానించలేదు. ఆలస్యమైతే తీసుకోరంట కదా అని వాళ్లే ఒకరికొకరు హెచ్చరించుకున్నారు.

మరునాడు ఓవర్సీరు కళ్లు నులుముకుంటూ వచ్చేసరికి ఊరంతా రోడ్డు మీద కూర్చుని ఉంది. అవ్వకు పందిరి కింద పసిపిల్లలను చూసుకునే పని ఇచ్చారు. సాయంత్రం కూలి దుడ్లు కొంగున ముడేసుకుని వచ్చి ఆమె ఇంట్లో సంగటి చేసింది, గరిటె నిలబడేంత గట్టిగా. ఆ సంగటి తింటూ నాకు ఏడుపొచ్చింది. కారం ఎక్కువైందా అప్పా అని అడిగింది. అవునన్నాను.

ఆ తర్వాత ఉద్యోగమంతా నేను అట్లాంటి కాగితాలే రాశాను. ఎవరికీ అర్థం కాకుండా రాయడంలో నాకు మంచి పేరు వచ్చింది, పెద్దపెద్ద కాగితాలు నా దగ్గరికే పంపేవాళ్లు. నోటీసు రాస్తున్నప్పుడల్లా, దీన్ని చదివి ఎక్కడో ఒక ఊరు నిమ్మళంగా నిద్రపోతుంది కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి. కొన్నాళ్లకు సర్దిచెప్పుకోవడం కూడా మానేశాను. మామిడాకులు వేసిన ఆ కుర్రవాడు ఎప్పుడైనా గుర్తొస్తే, పాపం, ఎండలో ఆ సంచీ ఎందుకు తగిలించుకున్నాడో అనిపించేది.

ఈమధ్య పింఛను ఆఫీసునుంచి నాకొక ఉత్తరం వచ్చింది. లావు అక్షరాలు. చల్లని తెలుగు. ‘పెద్దలకు నమస్కారం. మీ కాగితాలన్నీ సరిగా ఉన్నాయి. మీరు ఆఫీసుకు రావలసిన అవసరం లేదు. దయచేసి ఇంట్లో విశ్రాంతి తీసుకోండి.’ రెండుసార్లు చదివాను. మరునాడు మొదటి బస్సుకే అనంతపురం పోయాను. కిటికీ దగ్గర కూర్చున్న పిల్లవాడికి మీసం అప్పుడప్పుడే వస్తోంది. ఉత్తరం రాసింది తనేనని సంతోషంగా చెప్పాడు.

“దీంట్లో రావొద్దనే కదా తాతా రాసినా? అర్థం కాలేదా?”

“బాగా అర్థమైనాది నాయనా,” అన్నాను. “అందుకే వచ్చినా.”