పెళ్లికారును ఆపిన మినపపొట్టు

తొంభైల్లో, మినుము చేతికొచ్చే రోజుల్లో మా తమ్ముడి పెళ్లి. పెళ్లికొడుకుని ఎక్కించుకుని ఘంటసాల నుంచి బందరు చర్చికి కారు నేనే నడుపుతున్నాను. బళ్లు తొక్కితే గింజలు రాలతాయని దారంతా మినుము పరిచారు. సగం దూరంలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. కారు ఆపగానే తమ్ముడు రేడియేటర్ మూత తిప్పబోయాడు.

"ముట్టుకోకురా! మొహం కాలుద్ది!" అని అరిచాను.

నీళ్లు కారడం లేదు, బెల్టు బాగానే ఉంది. వంగి చూస్తే రేడియేటర్ ముందంతా పొట్టు. గాలి ఆడక వేడెక్కిందన్నమాట! మినుము పరిచిన రైతమ్మనడిగి చీపురు తీసుకుని దులిపాను. కాసేపటికి ముల్లు దిగింది.

చీపురు తిరిగిస్తుంటే ఆవిడ, "ఆ చివర సరిగ్గా నలగలేదండీ. ఇంకోసారి తొక్కించి వెళ్లండమ్మా," అంది.

పెళ్లికొడుకు లబోదిబోమన్నా తొక్కించాను. రోగమేదో తెలిశాక ఇక భయమెందుకు?