వదినగారి నల్లరాళ్లు

ఆసుపత్రిలో ఆమెను అందరూ ఎక్స్‌రే అమ్మాయి అనేవాళ్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో పిలిచిన పిలుపు అది. జుట్టు సగం నెరిసినా, మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు కటకటలాడినా అమ్మాయి అమ్మాయిగానే ఉండిపోయింది. కిటికీల్లేని గదిలో పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా ఒకటే పాట. "గాలి పీల్చండి... బిగబట్టండి... ఇక వదలండి." ఊరందరికీ ఊపిరి వదలమని చెబుతాను కానీ నాకే ఊపిరి సలపదు అని భర్తతో నవ్వుతూ అనేది. ఈమధ్య ఆ నవ్వు కూడా రావడం లేదు.

భర్తకు అక్క ఒకావిడ వీళ్లింట్లోనే వచ్చి ఉంటోంది. పెళ్లి చేసుకోలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరి మాటలు ఎవరికో కలుపుతూ వయసంతా గడిపింది. ఎక్స్ఛేంజీ మూసేశాక తమ్ముడింటికి చేరింది. మంచి మనిషి. కూరగాయలు తరిగితే ముక్క ముక్కా ఒకే కొలతలో ఉండేది. చిక్కల్లా ఎదురు మేడ మీద సెల్ టవర్ లేచిన నాటి నుంచి వచ్చింది. ఆవిడకు నిద్ర కరువైంది. తల లోపల ఏదో జుమ్మంటోందని, అరికాళ్లు మండుతున్నాయని అనేది. డాక్టర్లు చూశారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్న మాటే ఆవిడను ఎక్కువ బాధపెట్టింది.

"ఏమీ లేకపోతే నాకెందుకు ఇలా ఉంటుందమ్మా? నేను అబద్ధాలాడతానా?" అని మరదలిని అడిగింది.

"అబద్ధమని ఎవరన్నారు వదినా," అంది ఎక్స్‌రే అమ్మాయి చెప్పులు విప్పుతూ. అంతకుమించి మాట్లాడే ఓపిక లేదు.

అప్పుడు వదినకు ఎవరో చెప్పారు, బసాల్టు అనే నల్లరాయి ఇలాంటివాటిని ఆపుతుందని. డబ్బాల్లో పోసి మంచం చుట్టూ పెట్టుకోవాలట, ఒకటి ఒంటి మీద ఉంచుకోవాలట. తమ్ముడు బస్సు నడిపే మనిషి. ఇంటి గొడవల్లో హారన్ కూడా కొట్టడు. "అక్క సరదా పడుతోంది, నువ్వే తీసుకెళ్లు," అని భార్య మీదకు తోసేసి డ్యూటీకి వెళ్లిపోయాడు. అలా, వారానికి ఒక్కటే వచ్చే సెలవు రాళ్లపాలైంది.

రాళ్లు కోసే యార్డు ఊరి చివర. రంపం చక్రం తిరుగుతుంటే బురద నీళ్లు చిమ్ముతున్నాయి. వెనక చెత్త ముక్కల గుట్ట. వదిన కొంగు బిగించి ఆ గుట్ట దగ్గర కూర్చుంది. ఒక్కో రాయి తీసి అరచేతిలో బరువు చూస్తుంది, ఇంకో రాయితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటుంది. తెల్ల చార ఉంటే పక్కన పడేస్తుంది. చిల్లులుంటే, "ఇది గుల్ల, లాభం లేదు," అంటుంది. ఎన్నేళ్లో చెవితోనే బతికిన మనిషి కదా, రాయిని కూడా వినే ఏరుతోంది. మరదలు విరిగిన బండ మీద కూలబడి చూస్తూ ఉండిపోయింది. ఎండ నెత్తికెక్కింది.

యార్డు మనిషి దగ్గరకొచ్చి, "ఏం కడుతున్నారమ్మా?" అన్నాడు.

"కట్టడానికి కాదు. రక్షణకి," అంది వదిన.

ఆయనకు అర్థం కాలేదు. "ఇవే రాళ్లు కొట్టి రోడ్ల కింద పోస్తారమ్మా. మీరు నడిచొచ్చిన దారంతా ఇదే," అన్నాడు.

వదిన ముఖం వెలిగిపోయింది. "చూశావా! అందుకే బయట తిరిగినంతసేపూ నాకు తేలిగ్గా ఉంటుంది."

ఎక్స్‌రే అమ్మాయి లేచి సంచి మూతి తెరిచి పట్టుకుంది. రెండు సంచులు మోసుకుంటూ బస్సెక్కారు. కండక్టరు సంచి ఎత్తబోయి, "అమ్మో, ఇందులో ఏముంది?" అన్నాడు. "రాళ్లు," అన్నారిద్దరూ ఒక్కసారే. వేళాకోళం అనుకుని ఆయన మొహం ముడుచుకున్నాడు.

తర్వాత డబ్బాల పురాణం మొదలైంది. ప్లాస్టిక్ పనికిరాదు, రాయి బరువుకు పగులుతుంది. రేకు డబ్బా అయితే తడికి తుప్పు. స్టీలు డబ్బా మూత తీస్తే వంటింటి వాసన. మట్టి కుండ బాగుంది కానీ అడుగు నిలవదు. చెక్క పెట్టెకు చీమలు పట్టాయి. ఒక పూట ఇల్లంతా ఖాళీ డబ్బాలే. ఆసుపత్రి నుంచి వచ్చిన ఎక్స్‌రే అమ్మాయి గుమ్మంలోనే మూత తొక్కి జారబోయింది. చివరికి వెడల్పు మూతి గాజు సీసాలు నచ్చాయి. లోపల రాయి కనిపిస్తుంది కదా అని. వదిన చిన్న ముక్కలు అడుగున, పెద్దవి పైన సర్ది, గుడ్డతో మూతి కట్టి, కిటికీ గట్టు మీద వరసగా నిలబెట్టింది.

"మీ ఆసుపత్రిలో కిరణాలు తగలకుండా మీకు సీసం. మా ఇంట్లో మాకు సీసా. పెద్ద తేడా ఏముందమ్మా?" అంది.

ఎక్స్‌రే అమ్మాయికి నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఇది ఎక్కడ ఆగుతుంది? చెబితే వినదు, ఇది మామూలు రాయేనని కళ్లతో చూస్తే నమ్ముతుంది అనుకుని, ఓ మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఒక రాయిని, పక్కన తాళంచెవిని పెట్టి బొమ్మ తీసింది. ఇంటికి తెచ్చి చూపించింది. రాయి తెల్లగా, గట్టిగా అచ్చు పడింది.

"అంటే నా రాయి నీ కిరణాన్ని ఆపేసింది!" అని వదిన చప్పట్లు కొట్టింది.

"వదినా, ఎముక కూడా ఇలాగే ఆపుతుంది. అందుకే ఎముక కనిపిస్తుంది. ఇది ఎక్స్‌రే. మీ టవర్ నుంచి వచ్చేది వేరు. దీన్ని చూసి దాని సంగతి చెప్పలేం."

"ఆపిందా లేదా?"

"ఆపింది. కానీ..."

"ఇంకేం మరి!"

గోడ దూకబోయి ముళ్లకంపలో పడ్డట్టయింది. ఆ బొమ్మ అద్దం పక్కన తగిలించుకుంది వదిన. వచ్చినవాళ్లందరికీ, "మా మరదలే తీసింది, ఆసుపత్రిలో," అని చూపించేది. అంత చేసినా నిద్ర మాత్రం రాలేదు. రోజురోజుకీ కళ్ల కింద నలుపు పెరుగుతోంది. సీసాలూ పెరుగుతున్నాయి.

అలా ఉండగా ఒక ఉదయం, కిటికీ తుడుద్దామని నిండు సీసా రెండు చేతులా ఎత్తింది వదిన. తడి చెయ్యి జారింది. మూతి గుడ్డ ఊడి రాళ్లన్నీ నేరుగా పాదం మీద పడ్డాయి. అదృష్టం, గాజు దూరంగా పగిలింది. బొటనవేలు నల్లేరు కాడలా ఉబ్బిపోయింది. ఎక్స్‌రే అమ్మాయి అప్పుడే డ్యూటీకి బయల్దేరబోతోంది. గాజు పెంకులు ఊడ్చి, ఆవిడను ఆటోలో వేసుకుని తనతోపాటే తీసుకెళ్లింది. దారంతా వదిన ఒకటే బతిమాలుతోంది. "ఆ గదిలోకి నన్ను పంపకు. టవరే పడనిదాన్ని, అక్కడ బతుకుతానా?"

ఆ గది తలుపు దగ్గర ఆవిడ నిజంగానే లోపలికి రానంది. చక్రాల కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మరదలు ఏ వాదనా చెయ్యలేదు. ఓపికా లేదు, వాదించి గెలిచిందీ లేదు. గోడకు తగిలించిన సీసం ఏప్రన్ తీసి ఆవిడ భుజాల మీదుగా ఒడిలోకి కప్పింది.

"అబ్బా, ఎంత బరువమ్మా ఇది!"

"తీసెయ్యనా?"

"వద్దు, వద్దు. ఉండనీ." వదిన కళ్లు మూసుకుంది. భుజాలు మెల్లగా దిగాయి. పాదాన్ని ఎటు తిప్పమంటే అటు తిప్పింది. బొమ్మ తీయడం అయిపోయి, వేలి ఎముకలో సన్నని బీట ఉందని చెప్పేలోపు ఆవిడ కుర్చీలోనే కునుకు తీస్తోంది. బయట వరస కట్టినవాళ్లు గొణుగుతున్నారు. ఎక్స్‌రే అమ్మాయికి లేపబుద్ధి కాలేదు. మెల్లగా కుర్చీ తోసుకెళ్లి ఓ మూల పెట్టి, తర్వాతి మనిషిని పిలిచి, "గాలి పీల్చండి," అంది గొంతు తగ్గించి.

మెలకువ రాగానే వదిన, "దీన్ని ఇంటికిస్తారా?" అని అడిగింది.

"సీసం ఇంట్లో పెట్టుకునేది కాదు వదినా." ఏప్రన్ తీసి గోడకు తగిలిస్తూ, "బరువే కావాలంటే, రాళ్లయితే మనవే కదా," అంది.

వేలికి కట్టుతో వదిన మంచం మీద ఉన్న రోజుల్లో పాత దుప్పటి రెండు మడతలు వేసి, గళ్లు గళ్లుగా కుట్లు వేసింది. పెంకులు లేని రాళ్లు ఏరి, కడిగి, ఆరబెట్టి, మొనలేనివి మాత్రమే గుడ్డలో చుట్టి ఒక్కో గడిలో నింపింది. ఎక్స్‌రే అమ్మాయి సాయంత్రం వచ్చి సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది. వదినకు చూపు ఆనదు. కుడుతూ కుడుతూ ఆవిడ ఒక మాట అంది. "ఎక్స్ఛేంజీలో పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లమ్మా. మోచేతికి మోచెయ్యి తగులుతూ. ఇక్కడ మీరిద్దరూ వెళ్లిపోతే గోడలు కూడా దూరంగా జరిగిపోయినట్టుంటుంది." ఎక్స్‌రే అమ్మాయి దారం కొరికింది. ఆవిడ పక్కకు కొంచెం జరిగి కూర్చుంది.

ఆ దుప్పటి కింద వదిన మధ్యాహ్నాలు నిద్రపోయింది. అన్ని రోజులూ కాదు. కొన్ని రోజులు మళ్లీ అరికాళ్లు మండేవి, మళ్లీ టవర్‌ను తిట్టేది. టవర్ అక్కడే ఉంది. మిగిలిన సీసాలూ కిటికీలోనే ఉన్నాయి. కాకపోతే కొత్తవి చేరలేదు.

ఒక సెలవు రోజు పక్కింటావిడ వచ్చి, "మీ రాళ్లతో నిద్ర వస్తోందట కదా, మాకూ చెప్పండి," అంది. వదిన రాళ్లు ఎలా ఏరాలో, ఎలా కొట్టి వినాలో చెప్పుకుపోతోంది. పక్కింటావిడ నమ్మకంగా ఎక్స్‌రే అమ్మాయి వైపు తిరిగింది. "ఆసుపత్రి మనిషివి, నువ్వు చెప్పమ్మా. పని చేస్తుందా?"

ఎక్స్‌రే అమ్మాయి సోఫాలో ఆ దుప్పటి కాళ్ల మీద వేసుకుని వాలి ఉంది. టవర్ సంగతీ, ఎక్స్‌రే సంగతీ, ఎముక సంగతీ అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"కిరణాల సంగతి నమ్మకండి పిన్నిగారూ. కానీ కప్పుకుంటే హాయిగా ఉంటుంది," అంది.

"దానికి అలసట, అందుకే అలా మాట్లాడుతుంది," అని వదిన సర్ది చెప్పి, దుప్పటిని మరదలి మోకాళ్ల మీద నుంచి గడ్డం దాకా లాగింది. "పడుకోమ్మా. టీ నేను పెడతాలే."