దొరసానికి పూసిన పసుపు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ లేదని గట్టి నమ్మకం. తెలంగాణ వచ్చిన కొత్త. నల్లగొండలో డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందని హాలియా పక్కన మా ఊళ్లో కూర్చున్నాను. ఉద్యోగం రాలేదు గానీ ఆవు వచ్చింది. కొత్తగా కొన్నది కాదు, ఇంట్లో ఉన్నదే. మా అవ్వకు మోకాళ్ల నొప్పులు మొదలై దాని పని నా నెత్తిన పడింది. ఆవు పేరు దొరసాని. (పేరు పెట్టింది అవ్వే. తొట్టిలో నీళ్లు కాస్త పాతవైతే మూతి తిప్పుకునే గుణం చూసి పెట్టింది.) రోజూ పొద్దున్నే పాలక్యాను స్కూటీ మీద పెట్టుకొని హాలియాలో ఒక గల్లీకి పోయి ఇంటింటికీ పోసి రావాలి. ఆ గల్లీకి పెద్దదిక్కు ఒక రిటైరైన టీచరమ్మ. ఆమె వద్దంటే గల్లీ మొత్తం వద్దన్నట్టే.

సాగర్ కాలువ కింద మాదంతా వరి. కోత మిషన్లు వచ్చాక గడ్డి పొలంలోనే చిందరవందరగా పడి ఉండేది. ఏరే ఓపిక ఎవరికీ లేదు, అగ్గిపుల్ల గీస్తే పని అయిపోయేది. కోతలైతే చాలు, ఊరు ఊరంతా పొగ. దండెం మీద ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిద రంగులో ఇంట్లోకి వచ్చేది. మా పక్క పొలం మామను అందరూ అగ్గిపెట్టె మామ అనేవాళ్లు. బీడీ తాగడు, పొయ్యి ముట్టించడు, జేబులో అగ్గిపెట్టె మాత్రం ఎప్పుడూ ఉంటుంది. అంత గడ్డి పొలాల్లో కాలిపోతుంటే మా దొరసానికి మాత్రం వాములో అడుగున మిగిలిన పాత ఎండుగడ్డే గతి. పాలు గంజితేటలా వచ్చేవి. "నీళ్లు కలుపుతున్నవా పిల్లా?" అని టీచరమ్మ రోజూ అడిగేది. ఆ మాట విని విని మా నాయినకు విసుగొచ్చింది. "గీ మాటలు నేను పడ. మేత లేని ఇంట్ల ఆవెందుకు? అంగడికి తోలుకపోయి అమ్మేస్త" అన్నాడు. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. నేను అడ్డం పడి, "జర ఆగు నాయినా. వచ్చే కోతల దాక నాకు ఇడిసిపెట్టు. గప్పటికి గల్లీల పాలు వద్దంటే నువ్వే తోలుకపో" అని ధీమాగా చెప్పేశాను.

కాలువ పక్కన ఉన్న చిన్న మడిలో పచ్చగడ్డి, అలసంద వేశాను. అగ్గిపెట్టె మామ దగ్గరికి కూడా పోయాను. "మామా, ఈసారి తగలబెట్టకు, గడ్డి నేను ఏరుకపోత" అంటే ఆయన పొట్ట పట్టుకొని నవ్వాడు. "నీ ఆవు ఒక్కతి తింటదా గిదంత? అది తినేదాక కూసుంటే మళ్ల నాటెట్ల పెట్టాలె?" అన్నాడు. ఆయన్ను వదిలేసి నా పచ్చగడ్డి మీద పడ్డాను. కోసిన మోపు వేస్తే దొరసాని మొదటిరోజు వాసన చూసి నన్ను చూసింది, రెండోరోజు మోపుతో పాటు నా చున్నీ కూడా లాగింది. కొన్నాళ్లకు పాలు చిక్కబడ్డాయి, మీగడ మందంగా కట్టింది. నా నడక మారిపోయింది. కలెక్టరు వస్తే నన్నే ముందు పలకరిస్తాడన్నట్టు స్కూటీ నడిపేదాన్ని.

సరిగ్గా అప్పుడే టీచరమ్మ గిన్నె పట్టుకొని గేటు దగ్గర నిలబడింది. గిన్నెలో నెయ్యి, బంతిపువ్వు రంగులో. "ఏం కలిపినవ్ పిల్లా? పసుపా, రంగా?" (పలచగా ఉంటే నీళ్లు, చిక్కగా ఉంటే పసుపు! ఏం చేసినా దొంగనే.) పచ్చగడ్డిలో ఉండే పసుపురంగే పాలలోకి, వెన్నలోకి దిగుతుంది, గడ్డి ఎండితే ఆ రంగు పోతుంది, అందుకే ఇన్నాళ్లు నెయ్యి తెల్లగా ఉండేది. ఈ నాలుగు ముక్కలు చెప్తే సరిపోయేది. నేనేమో నడిబజార్లో 'కెరోటిన్' అంటూ ఉపన్యాసం ఎత్తుకున్నాను. "నాకే పాఠం చెప్తవా?" అని ఆమె గేటు వేసేసింది. గల్లీలో మిగతా గేట్లూ వరుసగా పడ్డాయి. ఇంటికొచ్చేసరికి ఆ కబురు నాకంటే ముందే చేరింది. నాయిన నావైపు చూడకుండా, "ఐతారం అంగడి" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. దొరసాని మెడ పట్టుకొని నిజంగానే ఏడ్చాను. అవ్వ వచ్చి, "మా కాలంల గిట్ల అనుమానపడితే ఆవునే వాకిట్లకు తోలుకపోయి పిండి చూపెట్టేటోళ్లం. లే బిడ్డా, పలుపు పట్టు" అంది. నేను ముఖం కడుక్కొని, టీచరమ్మతో ఏం మాట్లాడాలో అద్దం ముందు సాధన చేస్తుంటే, అవ్వ ఆవును తయారు చేసింది. నలుగురి కళ్లలో పడే ఆవు ఒట్టిగా పోతే దిష్టి తగలదా? కొమ్ములకు పసుపు, నొసటికి పసుపు, కాళ్లకు పసుపు, పగుళ్లు రావొద్దని పొదుగుకు కూడా దండిగా పసుపు. నేను చూశాను. కానీ పండుగలకు, మంచిరోజులకు చూసి చూసి అలవాటైన కళ్లు కదా, వింతేమీ అనిపించలేదు. అవ్వ ఆటోలో ముందు, నేనూ దొరసానీ నడుచుకుంటూ వెనక, హాలియా చేరాం.

గల్లీ అంతా గుమిగూడింది. "మేడం, ఈ ఆవుకు మేం పసుపు వాసన కూడా తగలనియ్యం!" అని మొదలుపెట్టి, సాధన చేసిందంతా అప్పజెప్పి, గొంతు కూర్చొని పొదుగు పట్టాను. నా వేళ్లు పసుపు, ధార పసుపు, చెంబులో పాలు పసుపు. టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకొని చెంబులోకి వంగి చూసింది. "పిల్లా, నువ్వు పాలల్ల పసుపు కలుపుతున్నవనుకున్న. పసుపులనే పాలు కలుపుతున్నవ్ గదే!" అంది. "అయ్యో, నా చేతులిరుగ!" అని అవ్వ ఆటోలోనే నెత్తి కొట్టుకుంది. ముందు నవ్వింది టీచరమ్మే. తర్వాత గల్లీ అంతా పడీ పడీ నవ్వింది. టీచరమ్మ తన నల్లా పైపు తనే లాగి తెచ్చి, ఆవును, నన్ను కలిపి తడిపింది. ఆ సందట్లో దొరసాని ఆమె చామంతి మొక్కల్ని మొదలంటా మేసేసింది. "మళ్ల పిండు" అంది టీచరమ్మ. "మీగడ నేనే తీస్త, నెయ్యి నేనే కాస్త. గప్పటిదాక పాలు ఎవ్వరూ మానొద్దు."

ఆ ఐతారం నాయిన అంగడికి పోలేదు. నెయ్యి తేలేదాకా ఆగుతానన్నాడు. చివరికి ఒక పొద్దున టీచరమ్మ స్టీలు గిన్నెతో ఆటో దిగింది. మూత తీసి నాయిన ముందు పెట్టింది. అదే బంతిపువ్వు రంగు. "ఆవును అమ్మినవంటే నేనూరుకోను" అని ఆయనకు చెప్పి, "ఏదమ్మా నీ గడ్డి? చూపియ్" అంది. మడి దగ్గరికి తీసుకుపోయాను. పక్కనే కోసిన పొలంలో అగ్గిపెట్టె మామ పుల్ల గీయబోతున్నాడు. టీచరమ్మ ఒడ్డు మీద నిలబడి, "ఏందిరా అది చేతిల?" అంది. మామ గతుక్కుమన్నాడు. (చిన్నప్పుడు ఆమె బడిలోనే చదివాడట.) "ఏం లేదు టీచర్" అని అగ్గిపెట్టె జేబులో పెట్టుకొని చేతులు కట్టుకున్నాడు. ఆ ఏడు ఆయన పొలంలో గడ్డంతా మా వాములోకి వచ్చింది. తర్వాత ఏళ్లలో ఇంకొందరిది కూడా వచ్చింది. ఊళ్లో పొగ మొత్తం పోయిందని అనను గానీ, తెల్లచీరలు తెల్లగానే ఇంట్లోకి వస్తున్నాయి.

ఇప్పుడు మా కొట్టంలో ఆవులు బాగానే ఉన్నాయి. అవ్వ లేదు. దొరసాని పాలివ్వడం మానేసి చాలా కాలమైంది. మొన్న ఒక కొత్త కోడలు ఫోన్ చేసి, "అక్కా, నెయ్యి గింత పచ్చగుందేంది?" అని అడిగింది. కెరోటిన్ ఊసెత్తకుండా, "వచ్చి చూసుకో చెల్లె" అన్నాను. వస్తుంది కదా అని ఆవులను కడిగి, ఏం తోచిందో ఏమో, డబ్బా తీసి ఒక్కొక్కదానికీ పసుపు పూస్తూ పోయాను. మూడో ఆవు పొదుగు దాకా వచ్చాక గుర్తొచ్చి, పచ్చటి చేతులతో అక్కడే కూలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ చేతులు అచ్చం మా అవ్వ చేతుల్లాగే ఉన్నాయి. కొట్టం అవతల మా నాయిన, రోజూలాగే, పచ్చగడ్డి మొదటి మోపు దొరసాని ముందు విప్పుతున్నాడు.