గీత దగ్గర ఆగిన సుడి

లోహితకు కాలు నిలవదు. తిరుపతిలోని ఫిజిక్సు ల్యాబులో స్టూలున్నా కూర్చోదు; టీ కూడా నిలబడే తాగుతూ, వేలితో బల్ల మీద సున్నాలు చుడుతుంది. ఆమె పరిశోధనంతా నలుసుకన్నా చిన్న అయస్కాంతపు బిళ్లల మీద. వాటిలో అయస్కాంతశక్తి నీటి సుడిలా తిరుగుతుంది. మరో అయస్కాంతం దగ్గర పెడితే సుడి పక్కకు జరుగుతుంది, తీసేస్తే మళ్లీ నడిమికొస్తుంది. ఆయుధపూజ నాడు మిషన్లన్నిటికీ బొట్లు పెడుతూ, అదే ఊపులో ఆ బిళ్లలున్న పలకకూ కుంకుమ పెట్టేసింది. నాలిక కరుచుకుని చున్నీతో తుడిస్తే బిళ్లల మీద సన్నటి గీత పడింది. మరునాడు మైక్రోస్కోపు తెర మీద చూస్తే, సుడి ఆ గీత దగ్గరే ఇరుక్కుని నడిమికి రానంటోంది. “ఇన్నాళ్ల కష్టం బూడిదపాలు చేసినావు గదమ్మా!” అన్నారు గైడు యోగానంద. లోహిత తెర మీంచి కళ్లు తిప్పకుండా స్టూలు లాక్కుని, మొదటిసారి కూర్చుంది. “సార్, ఇంగో గీత గీకితే యాడ ఆగతాదో సూద్దామా?”